ఛాంపియన్ క్లబ్ మూతపడ్డ ఊళ్లోనే 60 వేల మంది జనం: చైనా ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుందాం

కాకినాడ కిక్

అందరికీ నమస్కారం. వరల్డ్ కప్ వచ్చిన ప్రతిసారీ మన దగ్గర ఒకే ప్రశ్న వస్తుంది: 140 కోట్ల మంది ఉన్న చైనాలో పదకొండు మంది దొరకరా? జవాబు కూడా ఒకటే వస్తుంది: వాళ్లకు ఫుట్‌బాల్ పట్టదు, టేబుల్ టెన్నిస్, బ్యాడ్మింటన్ చాలు అని. ఆ జవాబు తప్పని నా గట్టి అభిప్రాయం. అందుకే ఈ థ్రెడ్.

2020 నవంబర్ 12న జియాంగ్సు సునింగ్ అనే క్లబ్ ఫైనల్లో గ్వాంగ్జౌ ఎవర్‌గ్రాండేను ఓడించి చైనీస్ సూపర్ లీగ్ గెలిచింది. 2021 ఫిబ్రవరి 28న ఆ క్లబ్బే కార్యకలాపాలు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. రెండింటికీ మధ్య 108 రోజులు. గెలిచిన జట్టు మళ్లీ సీజన్ మొదలయ్యేలోపే లేకుండా పోయింది. దాని సొంత మైదానం నాన్‌జింగ్ ఒలింపిక్ స్టేడియం.

2025 జూలై 5న ఆ స్టేడియంలోనే నాన్‌జింగ్, సూజౌ నగర జట్లు ఆడితే 60,396 మంది వచ్చారు. ఆడినవాళ్లలో ఎక్కువ మంది ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, కాలేజీ కుర్రాళ్లు. డబ్బున్న క్లబ్ పోయింది, జనం మాత్రం ఎక్కడికీ పోలేదు. అసలు లోపం ఎక్కడుందో తెలిసినవాళ్లు చెప్పండి.

నాన్‌టోంగ్ డాక్టర్

కిక్ గారూ, నేను ఎంబీబీఎస్ చదివింది జియాంగ్సులోనే. ఆ రాష్ట్రంలో మన తెలుగు పిల్లలు చాలామంది చదివారు. ఇప్పుడు విజయవాడలో ఉన్నా, అప్పటి క్లాస్‌మేట్లు వీచాట్ యాప్‌లో పెట్టే వీడియోలు రోజూ చూస్తుంటాను. 2025 వేసవి అంతా ఆ ఫోన్లలో ఒకటే గోల: సూ చావ్. జియాంగ్సు సిటీ లీగ్‌ను జనం ముద్దుగా పిలుచుకునే పేరది.

మే 10న మొదలైంది. రాష్ట్రంలో 13 నగరాలు, 13 జట్లు. జియాంగ్సు గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఆ 13 నగరాలూ దేన్లోనూ ఒకదానికొకటి తీసిపోవు. సూజౌకు డబ్బు ఎక్కువ, నాన్‌జింగ్ రాజధాని. మిగతా వాటిలో ఏదీ ఈ రెండింటినీ పెద్దన్నగా ఒప్పుకోదు. ఎవరి యాస వారిది, ఎవరి వంట వారిది. నాన్‌జింగ్ వాళ్లకు ఉప్పు బాతు, వూషీ వాళ్లకు పీచ్ పండ్లు. జట్లు ఎదురెదురైతే బాతు గెలుస్తుందా పీచ్ గెలుస్తుందా అని పోస్టర్లు పడేవి. శూజౌ, సూచియన్ ఆడిన రోజున రెండు వేల ఏళ్ల కిందటి లియు బాంగ్, షియాంగ్ యూ అనే ప్రత్యర్థి సేనానుల యుద్ధాన్ని బయటికి తీశారు. ఒకరిది ఒక ఊరు, ఇంకొకరిది రెండో ఊరు కదా.

చైనాలో పాత క్రీడా నినాదం ఒకటుంది: స్నేహం మొదటిది, పోటీ రెండోది. దాన్ని ఈ జనం తిరగేశారు: పోటీ మొదటిది, స్నేహం పద్నాలుగోది! జట్లు పదమూడే కాబట్టి స్నేహానికి ఆ తర్వాతి స్థానం ఇచ్చారు. టికెట్ పది యువాన్ల దగ్గర మొదలైంది, అంటే మనకు నూటపాతిక రూపాయల లోపే. నవంబర్ 1న నాన్‌జింగ్‌లో ఫైనల్ జరిగితే తైజౌ జట్టు నాన్‌టోంగ్‌ను పెనాల్టీల్లో ఓడించింది. 62 వేలకు పైగా జనం. నేను నాన్‌టోంగ్ పక్షం కాబట్టి ఆ రాత్రి బాధగానే ఉంది, కానీ తైజౌ ఆట బాగుంది, కప్పు వాళ్లకే చెందాలి.

రైట్ బ్యాక్ రమణ

డాక్టర్ గారూ, చదవడానికి బాగుంది. కానీ ఒక సంగతి వదిలేశారు. సూ చావ్‌ను నడిపింది రాష్ట్ర క్రీడా విభాగం, 13 నగర ప్రభుత్వాలు. మ్యాచ్‌లతో పాటు హోటళ్లు, పర్యాటక టికెట్లు, స్థానిక బ్రాండ్లు అన్నీ అమ్ముకున్నారు. దీన్ని జనంలోంచి పుట్టిన ఆట అనడం నాకు మింగుడుపడదు. 60 వేల మంది వచ్చింది ఫుట్‌బాల్ కోసమా, సరదా కోసమా? ఆట స్థాయి చూస్తే మన జిల్లా టోర్నమెంటు కంటే కొంచెం మెరుగు, అంతే.

ఫలితం మైదానంలో తెలియాలి. 2024 సెప్టెంబర్ 5న సైతామాలో జపాన్ చైనా జాతీయ జట్టును 7-0తో కొట్టింది. ఆ ఏడాది జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో తజికిస్తాన్‌తో 0-0, లెబనాన్‌తో 0-0, ఖతార్ చేతిలో 0-1. ఒక్క గోలూ లేకుండా ఇంటికి. 2025 జూన్‌లో ఇండోనేషియా చేతిలో 1-0 ఓడి 2026 వరల్డ్ కప్ దారి కూడా మూసుకుపోయింది. అదీ జట్ల సంఖ్య 48కి పెరిగిన వరల్డ్ కప్ దారి. వాళ్లు ఇప్పటిదాకా ఆడింది 2002 ఒక్కటే. కోస్టారికా, బ్రెజిల్, టర్కీ చేతుల్లో వరుసగా ఓటములు, తొమ్మిది గోల్స్ తిని ఒక్కటీ కొట్టలేదు.

కాకినాడ కిక్

రమణ అన్నా, జాతీయ జట్టు బలహీనమని నేనూ ఒప్పుకుంటాను. నా ప్రశ్న వేరు. ఆదరణ ఉండి, డబ్బు ఉండి, ప్రభుత్వం పూనుకుని కూడా ఎందుకు ఎదగలేదు? మొదటి రెండూ లేకపోతే అసలు చర్చే లేదు కదా.

ఆదరణకు ఇంకో సాక్ష్యం. 2022 వరల్డ్ కప్‌ను డిజిటల్, సోషల్ మీడియాలో ప్రపంచం చూసిన మొత్తం గంటల్లో దాదాపు సగం చైనాదేనని ఫిఫా లెక్క. తమ జట్టు లేని టోర్నీ అది.

ట్రాన్స్‌ఫర్ విండో

డబ్బు సంగతి నేను చెబుతాను. ఆ పదేళ్లూ దగ్గరగా చూశాను.

2010లో గ్వాంగ్జౌ క్లబ్ మ్యాచ్ ఫిక్సింగ్ వల్ల రెండో డివిజన్‌కు నెట్టబడింది. అప్పుడు ఎవర్‌గ్రాండే అనే రియల్ ఎస్టేట్ సంస్థ దాన్ని 10 కోట్ల యువాన్లకు కొనుక్కుంది. 2011లో పై డివిజన్‌కు వచ్చిన ఏడాదే లీగ్ గెలిచారు. ఇటలీకి 2006 వరల్డ్ కప్ తెచ్చిన మార్సెల్లో లిప్పీని కోచ్‌గా తెచ్చి 2013లో ఆసియా ఛాంపియన్లయ్యారు. స్కొలారీ కోచ్‌గా 2015లో మళ్లీ. మొత్తం 8 లీగ్ టైటిళ్లు. 2014లో అలీబాబా 120 కోట్ల యువాన్లు పెట్టి సగం వాటా కొంది.

అది చూసి మిగతావాళ్లు ఎగబడ్డారు. లివర్‌పూల్ వెంటపడుతున్న అలెక్స్ టెక్సేరాను 2016లో జియాంగ్సు 5 కోట్ల యూరోలకు ఎగరేసుకుపోయింది. 25 ఏళ్ల ఆస్కార్ చెల్సీ వదిలి దాదాపు 6 కోట్ల పౌండ్లకు షాంఘై వెళ్లాడు. అర్జెంటీనా స్ట్రైకర్ టెవెజ్ షాంఘైలోని షెన్‌హువా క్లబ్‌కు వచ్చి 4 గోల్స్ కొట్టి వెళ్లిపోయాడు.

క్లబ్ యజమానుల్లో చాలామంది భవనాల వ్యాపారులు. ఊరి జట్టును పోషిస్తే స్థానిక ప్రభుత్వం దగ్గర మంచి పేరు, కంపెనీకి టీవీలో ప్రచారం. టికెట్ల మీద, టీవీ హక్కుల మీద వచ్చే ఆదాయం జీతాలకు ఏ మూలకీ చాలదు. అంటే క్లబ్ బతుకు ఫ్లాట్ల అమ్మకాల మీద ఉంది. 2017లో ప్రభుత్వం కళ్లెం వేసింది. విదేశీ ఆటగాడికి 4.5 కోట్ల యువాన్లు దాటి చెల్లిస్తే అంతే మొత్తం యువ ఫుట్‌బాల్ నిధికి కట్టాలి. 2020 డిసెంబర్‌లో విదేశీయుడి జీతానికి ఏడాదికి 30 లక్షల యూరోల పరిమితి పెట్టారు, క్లబ్ పేర్లలో కంపెనీ పేర్లు తీసేయమన్నారు. ఆపైన కోవిడ్, దాని వెంటే రియల్ ఎస్టేట్ పతనం.

తర్వాత వరుసగా పోయాయి. 2020లో తియాన్‌జిన్ తియాన్‌హాయ్, 2021లో జియాంగ్సు, 2022లో చోంగ్‌చింగ్, 2023లో వుహాన్, హెబెయ్, 2024లో డాలియన్, షెన్‌జెన్. 2025 జనవరిలో గ్వాంగ్జౌ కూడా అప్పులు తీర్చలేక లైసెన్సు పోగొట్టుకుంది. రెండుసార్లు ఆసియా గెలిచిన క్లబ్ వైభవం పదిహేనేళ్లలో మొదలై ముగిసిపోయింది. నాకు ఆ రోజు నిజంగా దుఃఖం వచ్చింది. ఆ ఎర్ర జెర్సీలతో నిండిన తియాన్‌హె స్టేడియం రాత్రులు టీవీలో చూసినవాళ్లకు నా బాధ అర్థమవుతుంది.

ఘట్‌కేసర్ కోచ్

విండో తమ్ముడు చెప్పింది పైనున్న భాగం. కింద ఏం జరిగిందో చూడాలి.

షీ జిన్‌పింగ్ దేశాధ్యక్షుడు కాకముందే, 2011లో, తన మూడు కోరికలు చెప్పారు: చైనా మళ్లీ వరల్డ్ కప్‌కు వెళ్లాలి, వరల్డ్ కప్ నిర్వహించాలి, గెలవాలి. 2015లో సంస్కరణల ప్రణాళిక, 2016లో 2050 దాకా దీర్ఘకాలిక ప్రణాళిక వచ్చాయి. 2020 నాటికి 20 వేల ఫుట్‌బాల్ పాఠశాలలు, 70 వేల మైదానాలు, 5 కోట్ల మంది ఆడేవాళ్లు కావాలని రాసుకున్నారు. మైదానాలు కట్టారు కూడా. కట్టగలరు, అందులో వాళ్లను మించినవాళ్లు లేరు.

కానీ పన్నెండేళ్ల పిల్లాడిని మైదానంలో ఎవరు ఉంచుతారు? చైనాలో గావ్‌కావ్ అనే ప్రవేశ పరీక్ష మీద పిల్లల బతుకంతా తిరుగుతుంది. మన ఎంసెట్, ఐఐటీ కోచింగుల సంగతి తెలిసిన తెలుగువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. పదమూడు, పద్నాలుగేళ్లకు తల్లిదండ్రులు బూట్లు విప్పించి పుస్తకాల ముందు కూర్చోబెడతారు. ఆటగాడు తయారయ్యేది కూడా ఆ వయసులోనే. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో తొమ్మిదో తరగతి తర్వాత మిగిలేవాళ్లు ఎంత తక్కువో నాకు తెలుసు కాబట్టి ఈ ముక్క గట్టిగా చెబుతున్నాను.

దీనికి ఎదురు నిలబడిన మనిషి ఒకాయన ఉన్నాడు. షు గెన్‌బావ్. పాతతరం కోచ్. 2000లో షాంఘై దగ్గర చోంగ్‌మింగ్ ద్వీపంలో సొంత అకాడమీ పెట్టుకుని పిల్లలతో పాటే అక్కడ మకాం వేశాడు. వూ లెయ్, జాంగ్ లిన్‌పెంగ్, గోల్‌కీపర్ యాన్ జున్‌లింగ్ అక్కడివాళ్లే. వూ లెయ్ 14 ఏళ్లకే ప్రొఫెషనల్ మ్యాచ్ ఆడాడు, తర్వాత స్పెయిన్‌లో ఎస్పాన్యోల్ తరఫున బార్సిలోనా మీద గోల్ కొట్టాడు, 2024 సూపర్ లీగ్‌లో 34 గోల్స్‌తో రికార్డు పెట్టాడు. 2023, 2024, 2025లో వరుసగా టైటిళ్లు గెలిచిన షాంఘై పోర్ట్ క్లబ్ మూలం కూడా ఆ ద్వీపమే. మరోవైపు ఎవర్‌గ్రాండే 2012లో చింగ్‌యువాన్‌లో రియల్ మాడ్రిడ్‌తో కలిసి కోటలాంటి భవనాలతో, పదుల మైదానాలతో స్కూలు తెరిచింది. రెండింటి ఖర్చునూ పోల్చి చూడండి, తర్వాత వాటి నుంచి జాతీయ జట్టుకు వచ్చిన ఆటగాళ్లను పోల్చండి.

రైట్ బ్యాక్ రమణ

కోచ్ గారూ, లంచాల మాట ఎవరూ ఎత్తలేదేం? నా దృష్టిలో అసలు జబ్బు అదే.

2002 వరల్డ్ కప్ జట్టులో ఉన్న లీ టియె ఇంగ్లండ్ క్లబ్ ఎవర్టన్‌కు ఆడాడు. ఆ తరం పిల్లలకు ఆరాధ్యుడు. 2020లో జాతీయ జట్టు కోచ్ అయ్యాడు. ఆ పదవి కోసమే లంచం ఇప్పించానని 2024 జనవరిలో చైనా ప్రభుత్వ టీవీ సంస్థ సీసీటీవీ డాక్యుమెంటరీలో తన నోటితో చెప్పాడు. 2024 డిసెంబర్‌లో 20 ఏళ్ల జైలు. లంచం తీసుకున్న ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు చెన్ శూయువాన్‌కు ఆ ఏడాది మార్చిలోనే యావజ్జీవం పడింది. సెప్టెంబర్‌లో 43 మందిని ఫుట్‌బాల్ నుంచి జీవితాంతం నిషేధించారు. ఇది మొదటిసారీ కాదు. 2012లో నాన్ యోంగ్, షియె యాలాంగ్ అనే ఇద్దరు మాజీ అధిపతులకు పదిన్నరేళ్ల చొప్పున శిక్ష పడింది. ఆ ప్రక్షాళన అయ్యాక వచ్చినవాళ్లే మళ్లీ ఇలా చేశారు.

జట్టులో చోటు కొనుక్కోవాలంటే పేద ఇంటి ప్రతిభావంతుడు ఎక్కడికి పోతాడు?

అనంత గోలీ

నేను అనంతపురంలో ఆడపిల్లలకు శిక్షణ ఇస్తాను. ఇంతసేపూ మగవాళ్ల ఆట గురించే మాట్లాడారు, అందుకే రాస్తున్నాను.

మహిళల మొదటి వరల్డ్ కప్ జరిగిందే చైనాలో, 1991లో, గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో. 1999లో అమెరికాలోని రోజ్ బౌల్‌లో 90 వేల మంది ముందు ఫైనల్. 120 నిమిషాలు 0-0, పెనాల్టీల్లో అమెరికా 5-4. ఆ జట్టు కెప్టెన్ సున్ వెన్‌కు టోర్నీ ఉత్తమ క్రీడాకారిణికిచ్చే గోల్డెన్ బాల్ వచ్చింది, తర్వాత ఫిఫా ఆమెను శతాబ్దపు ఉత్తమ క్రీడాకారిణుల్లో ఒకరిగా గుర్తించింది. చైనా జనం వాళ్లను ఉక్కు గులాబీలు అంటారు.

ఇంకొకటి మన దేశంలోనే జరిగింది. 2022 ఫిబ్రవరి 1, వాళ్ల కొత్త సంవత్సరం రోజు, మగవాళ్ల జట్టు వియత్నాం చేతిలో 3-1తో ఓడింది. దేశమంతా తిట్టుకుంటోంది. ఐదు రోజుల తర్వాత నవీ ముంబయిలో మహిళల ఆసియా కప్ ఫైనల్. హాఫ్‌టైమ్‌కు దక్షిణ కొరియా 2-0. చైనా కోచ్ షుయ్ చింగ్‌షియా, తానూ 1990లలో చైనా జట్టుకు ఆడిన మనిషి. తాంగ్ జియాలీ పెనాల్టీ, ఝాంగ్ లిన్‌యాన్ హెడర్, ఇంజురీ టైమ్‌లో సబ్‌స్టిట్యూట్ షియావ్ యూయీ గోల్. 3-2. మా పిల్లలకు ఆ రెండో సగం ఇప్పటికీ వేసి చూపిస్తాను. మన జట్టు ఆ టోర్నీలో కోవిడ్ వల్ల మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది, ఆ బాధ వేరు.

అయితే వీళ్లకు వచ్చిన ఆదరణ ఆ వారం దాటి నిలబడలేదు. 2023 వరల్డ్ కప్‌లో ఇంగ్లండ్ చేతిలో 6-1తో ఓడి గ్రూపులోనే బయటికి వచ్చారు. 2024 ఒలింపిక్స్‌కు అర్హత రాలేదు. మగవాళ్ల క్లబ్బులు విదేశీయులకు కోట్లు పోస్తున్న ఏళ్లలో అందులో చిన్న వంతు మహిళల లీగ్‌కు వచ్చి ఉంటే ఈ స్థితి ఉండేది కాదు.

నాన్‌టోంగ్ డాక్టర్

గోలీ అక్కా, ఆ ఫైనల్ రాత్రి మా చైనా క్లాస్‌మేట్లు నాకు వాయిస్ మెసేజీలు పంపారు, మీ దేశంలో గెలిచాం అని. మీరు రాసింది అక్షరాలా నిజం.

కరీంనగర్ ట్రేడర్

మా పని గ్వాంగ్జౌ మార్కెట్లలో. రమణ గారి "జనంలోంచి పుట్టిందా" అన్న ప్రశ్నకు నేను కళ్లారా చూసింది చెప్పాలి.

గ్వీజౌ రాష్ట్రంలో రోంగ్‌జియాంగ్ అనే కొండ ప్రాంతపు కౌంటీ ఉంది. జనాభా 4 లక్షల లోపు, ఎక్కువగా మియావ్, డాంగ్ తెగలవాళ్లు. 2020 దాకా ప్రభుత్వపు పేద కౌంటీల జాబితాలో ఉంది. 2023 మేలో అక్కడ 20 ఊళ్ల జట్లతో లీగ్ మొదలైంది. జనం దానికి పెట్టిన పేరు కున్ చావ్, పల్లె సూపర్ లీగ్. గ్వాంగ్జౌ నుంచి హైస్పీడ్ రైలులో వెళ్లాను. టికెట్ లేదు, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఆడేవాళ్లు మాంసం కొట్టేవాళ్లు, డ్రైవర్లు, చేపలమ్మేవాళ్లు, టీచర్లు. బహుమతి ఎద్దు, పంది, గొర్రె. విరామంలో వెండి నగలు పెట్టుకున్న ఆడవాళ్లు గుంపులుగా పాడుతూ మైదానంలోకి వస్తారు, అవతలి ఊరివాళ్లకు కూడా అన్నం పెడతారు. 2024లో బ్రెజిల్ మాజీ స్టార్ ఆటగాడు కాకా వచ్చి వాళ్ల మధ్య ఆడాడు.

ఆట అక్కడికి 1940లలోనే వచ్చిందని స్థానికులు చెబుతారు. యుద్ధం వల్ల గ్వాంగ్‌షీ విశ్వవిద్యాలయం ఆ ఊరికి తరలివచ్చిందట, విద్యార్థులు ఆడుతుంటే చూసి వీళ్లూ నేర్చుకున్నారట. కౌంటీ అధికారులు లైవ్‌స్ట్రీమింగ్ శిక్షణ ఇచ్చి దీన్ని దేశమంతా తెలిసేలా చేశారు, అదీ నిజమే. ఆట మాత్రం వాళ్లు తెచ్చింది కాదు, ముందునుంచీ ఉంది. 2025 జూన్‌లో వరద వచ్చి స్టేడియం పూర్తిగా మునిగింది. బురద ఎత్తిపోసుకుని జూలైలోనే మళ్లీ ఆడారు.

సికింద్రాబాద్ సీనియర్

పిల్లలూ, ఈ చర్చ నాకు చాలా నచ్చింది. ట్రేడర్ గారు చెప్పిన పల్లె జట్లు చదువుతుంటే మన హైదరాబాద్ గుర్తొచ్చింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచింది. కోచ్ రహీం సాబ్ తయారుచేసిన జట్టు అది. వృత్తి వేరే ఉండి, బస్తీల్లో ఆట నేర్చుకున్న మనుషులు వాళ్లు. సికింద్రాబాద్ బలరాం, పీటర్ తంగరాజ్ లాంటి మనవాళ్లు ఉన్న జట్టే 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చింది. ఫైనల్లో ఓడించింది దక్షిణ కొరియాను.

అందుకే రమణ బాబు "స్థాయి లేదు" అంటే నేను తొందరపడి తల ఊపను. కింద ఆడేవాళ్లు, చూసేవాళ్లు లక్షల్లో ఉంటే స్థాయి పెంచడం కోచ్‌ల పని. కింద ఎవరూ లేకపోతే ఏ కోచ్ వచ్చినా చేయగలిగింది లేదు. లిప్పీ అంతటివాడు చైనా జాతీయ జట్టును రెండు విడతలు నడిపి, 2019లో సిరియా చేతిలో ఓడగానే రాజీనామా చేసి వెళ్లాడు. ఆయన కాలంలోనే 2018 అక్టోబర్‌లో సూజౌలో మన జట్టు వాళ్లతో 0-0 ఆడింది. మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆ రోజు గోడలా నిలబడ్డాడు. అప్పుడు మనం సంబరపడ్డాం, కానీ ఖతార్ ఆసియా కప్‌లో మనమూ ఒక్క గోల్ లేకుండానే తిరిగొచ్చాం.

రైట్ బ్యాక్ రమణ

సీనియర్ గారూ, మీ మాట కాదనను. అయినా నా అనుమానం ఒకటి మిగిలే ఉంది. సూ చావ్‌కు వచ్చిన డబ్బు, పేరు ఎవరికి చేరతాయి? ప్రభుత్వం దీన్ని కూడా లెక్కల పట్టికగా మార్చి, ప్రతి రాష్ట్రానికీ టార్గెట్ పెడితే మళ్లీ 2016 కథే. ఇప్పటికే హునాన్, సిచువాన్ సొంత లీగ్‌లు మొదలుపెట్టాయి. వాటి పక్కన పన్నెండేళ్ల లోపు పిల్లలకు వారం వారం మ్యాచ్‌లు ఉన్నాయా అనేదే నాకు కావలసిన లెక్క.

ట్రాన్స్‌ఫర్ విండో

దానికి డాలియన్ మంచి పరీక్ష, రమణ అన్నా. చైనాలో ఫుట్‌బాల్ ఊరంటే అదే. 1995 నుంచి 1997 దాకా 55 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడిన జట్టు వాళ్లది. ఎనిమిది టైటిళ్ల క్లబ్ 2013లో పోయింది, దాని తర్వాతి పెద్ద క్లబ్ 2024లో పోయింది. అయినా డాలియన్ యింగ్‌బో అనే కొత్త క్లబ్ కింది డివిజన్ల నుంచి ఎక్కి 2025లో సూపర్ లీగ్‌కు వచ్చింది. సముద్రపు ఒడ్డున 63 వేల సీట్ల స్టేడియం, కొన్ని మ్యాచ్‌లకు దాదాపు నిండిపోయింది. ఈ క్లబ్ జీతాలు అదుపులో ఉంచుకుని, ఊరి స్కూళ్ల పిల్లలను పైకి తెస్తే మిగతా నగరాలకు దారి దొరుకుతుంది. నేను వచ్చే సీజన్ దాన్నే చూస్తాను.

ఘట్‌కేసర్ కోచ్

నేనూ చూస్తాను. అలాగే ఒక విన్నపం. డాక్టర్ గారూ, మీ క్లాస్‌మేట్ల పిల్లలు ఎవరైనా అక్కడ స్కూలు జట్లలో ఆడుతుంటే వారానికి ఎన్ని గంటలు ప్రాక్టీసు, ఏడాదికి ఎన్ని మ్యాచ్‌లు, ఏ తరగతిలో మానేస్తున్నారు అని అడిగి ఇక్కడ రాయగలరా? పత్రికల్లో స్టేడియం లెక్కలు దొరుకుతాయి, ఈ వివరాలు దొరకవు. మా అకాడమీ టైమ్‌టేబుల్ పక్కన పెట్టి చూసుకుంటాను.

నాన్‌టోంగ్ డాక్టర్

తప్పకుండా అడుగుతాను కోచ్ గారూ. ఒకరి అబ్బాయి సూజౌలో ఐదో తరగతి, స్కూలు జట్టులో లెఫ్ట్ వింగ్. ఈ ఆదివారం ఫోన్ చేసి వివరాలు ఇక్కడే పెడతాను.